చెరువుకు ఎన్ని పేర్లు



తిరుపతిలో ఆటో ఎక్కి ఆర్సీ రోడ్డుకు పోవాలంటే ఎవరూ మారు అడగరు. అంగళ్ల బోర్డుల మీద, పెళ్లి పత్రికల్లో, కొరియర్ చిరునామాల్లో అంతటా ఆర్సీ రోడ్డే. ఆర్సీ అంటే ఏమిటి నాయనా అని మొన్న ఒక ఆటో అబ్బాయిని అడిగాను. "అది పేరు సార్, అంతే" అన్నాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. ఆ పేరులోంచి చెరువు జారిపోయి చాలా కాలమయింది. అది రాయలచెరువు రోడ్డు. రామచంద్రాపురం మండలంలో కొండల నడుమ కట్ట వేసి నిలిపిన రాయలచెరువుకు పోయే దారి. శ్రీకృష్ణదేవరాయల కాలంలో కట్టిందని జనం తరతరాలుగా చెప్పుకుంటున్న చెరువు. అంత చెరువూ ఇప్పుడు రెండు ఇంగ్లీషు అక్షరాల్లో ఇమిడిపోయింది.

ఆ తర్వాత వారమే మా మనవరాలు నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "తాతా, ట్యాంక్ అనే మాటకు పర్యాయపదాలు రాసుకుని రమ్మన్నారు. తెలుగులో అర్థం కూడా రాయాలంట" అంది. ఇంగ్లీషులో నాలుగు మాటలు అప్పటికే రాసుకుంది. తెలుగు అర్థం దగ్గర 'నీళ్ల తొట్టి' అని ఒకటి, 'యుద్ధంలో వాడే బండి' అని ఒకటి రాసింది. రెండూ సరైనవే. నేను పెన్ను తీసుకుని వాటికి పైన 'చెరువు' అని రాశాను. "చెరువంటే లేక్ కదా తాతా" అంది పిల్ల. అప్పుడు నేను చెప్పిన జవాబు నాకే చాలలేదు. మిగిలింది ఈ రోజు మీ అందరి ముందూ చెబుతాను.

ట్యాంక్ అనే మాటను ఇంగ్లీషువాళ్లు తమ దేశం నుంచి వెంట తెచ్చుకోలేదు. మన దేశానికి వర్తకానికి వచ్చాక, పదిహేడో శతాబ్దం మొదట్లో, ఇక్కడ నేర్చుకున్నారు. గుజరాతీలో టాంకు, మరాఠీలో టాకె అంటే నేలలో తవ్వి కట్టిన నీటి తొట్టి. వాళ్లకంటే ముందే పడమటి తీరానికి చేరిన పోర్చుగీసువాళ్ల దగ్గర కూడా టాంకె అనే మాట ఉంది. దాని వెనక పారే నీటిని ఆపడం అనే అర్థం ఉంది. ఈ రెండింటిలో ఇంగ్లీషుకు ఏది తల్లి అని పండితులు వాదించుకున్నారు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు 1886లో హాబ్సన్-జాబ్సన్ అని ఒక పెద్ద నిఘంటువు వేశారు. మన దేశంలో ఇంగ్లీషువాళ్ల నోట నానిన మాటలన్నీ అందులో ఉన్నాయి. ట్యాంక్ కూడా ఉంది. తల్లి ఎవరైనా, ఇంగ్లీషులో ఆ మాట మొదట హిందూదేశపు నీటి నిలవకే పేరు. మిద్దె మీది నల్ల తొట్టి, మోటారు సైకిలు పెట్రోలు తొట్టి తర్వాత వచ్చాయి.

ఇక యుద్ధం బండి సంగతి. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్నప్పుడు బ్రిటన్‌లో గుళ్లు తగిలినా చెదరని ఇనుప బండి తయారుచేస్తూ, శత్రువుల చెవిన పడకుండా 'నీళ్లు మోసే ట్యాంకులు' అని చెప్పుకున్నారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో ఆ బండ్లు మొదటిసారి కదనంలోకి దిగాయి. దొంగపేరే అసలు పేరయి నిలిచిపోయింది. ఊరికి అన్నం పెట్టే నీటి పేరు ఊళ్లను నేలమట్టం చేసే బండికి చేరిన ఈ కథ చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఆ బండికి చాలా ముందే ట్యాంక్ అనే మాట మన దగ్గర ఇంకో పని చేసింది. కుంపిణీ దొరలు రాయలసీమలో చాలా భాగాన్ని 1800లో నిజాం దగ్గర తీసుకున్నాక, ప్రతి ఊరికీ లెక్కలు రాయించారు. లెక్కల్లో పెద్ద చెరువు ట్యాంకే, చిన్న కుంట ట్యాంకే, గుడి కోనేరూ ట్యాంకే. కడపలో ఉండి తెలుగు కోసం అంత పాటుపడిన బ్రౌన్ దొర 1852లో వేసిన నిఘంటువులో కూడా చెరువుకు అర్థం ట్యాంకే. ఆయన్ని నేను తప్పుపట్టను. వాళ్లకు అలవాటైనది ఆ ఒక్క మాట. మన భాషలో ఎన్ని ఉన్నాయో మనం లెక్కపెట్టుకోకపోవడమే నాకు బాధ.

ముందు చెరువు అనే మాటనే చూడండి. కన్నడంలో దీన్ని కెరె అంటారు. వాళ్ల 'కె' మన దగ్గర 'చె' అయింది. వాళ్లు కివి అంటే మనం చెవి అన్నట్టే. మలయాళంలో చిర అంటే చెరువు. తమిళంలో చిఱై అంటే కట్ట, నీటి నిలవ. బంధించడం, చెరసాల కూడా. మన చెర అన్న మాట అక్కడ వెంటనే గుర్తుకొస్తుంది. ద్రావిడ భాషల పండితులు ఈ మాటలన్నింటినీ ఒకే కుదుట్లో పెడతారు. అంటే చెరువు అంటే చెరపట్టిన నీరు. కొండ మీద పడి, వంకలో పరుగెత్తి, ఏట్లో కలిసి సముద్రానికి పోదామనుకున్న నీటిని 'ఆగు తల్లీ, నాలుగు నెలలు మా దగ్గర ఉండిపో' అని పట్టి నిలిపిన చోటు. ఇందాక పోర్చుగీసు మాట వెనక కూడా నీటిని ఆపడమే ఉందని చెప్పాను. ఎక్కడి లిస్బన్, ఎక్కడి చిత్తూరు! నీటిని చూసి రెండుచోట్లా మనిషికి ఒకటే తోచింది.

మన ఉమ్మడి చిత్తూరు మూడు భాషల సరిహద్దు జిల్లా. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఒకే వీధిలో తెలుగు, తమిళం రెండూ వినిపిస్తాయి. అక్కడ ఒక తమాషా ఉంది. తమిళంలో ఏరి అంటే చెరువు. తెలుగులో ఏరు అంటే పారే నది. స్వర్ణముఖిని మనం ఏరు అంటాం. ఒక్క అచ్చు మారేసరికి పారే నీరు నిలిచిన నీరయింది. ఆ వైపు ముసలివాళ్లు ఏ ఇంట్లో ఏ మాట వాడాలో పొరపాటు లేకుండా వాడతారు. రెండు భాషల మధ్య బతికేవాళ్లకు ఉండే ఆ చెవి నాకెప్పుడూ ఆశ్చర్యమే.

ఇప్పుడు మళ్లీ తిరుపతికి వద్దాం. ఊళ్లో పేటల పేర్లు ఒకసారి నిదానంగా పలికి చూడండి. తాతయ్యగుంట. కొర్లగుంట. చెన్నయ్యగుంట. కాస్త బయటికి పోతే తుమ్మలగుంట, మల్లంగుంట. ఎన్ని గుంటలో చూశారా? కోస్తాలో చాలామందికి గుంట అంటే వట్టి గొయ్యి. మనకు గుంట అంటే వాననీళ్లు నిలిచే చిన్న చెరువు. పశువులు తాగడానికి, బట్టలు ఉతకడానికి, చుట్టుపక్కల బావుల్లో ఊట తగ్గకుండా చూడడానికి ఊరికి ఆనుకుని ఉండేది. శేషాచలం కొండల కింద వాలులో ఉన్న ఊరు కాబట్టి, కొండ మీది నీళ్లు దిగే దారి పొడవునా పెద్దలు గుంటలు పెట్టుకున్నారు. కుంట అన్నా ఇంచుమించు అదే. దాని కింద నాలుగైదు కయ్యలు పండవచ్చు. చెరువంటే అలా కాదు. దానికి కట్ట ఉండాలి, తూము ఉండాలి, మొరవ ఉండాలి, కింద ఆయకట్టు ఉండాలి. పెద్ద చెరువుకయితే సముద్రం అని పేరు పెట్టేవాళ్లు. సీమలో ఉప్పునీటి సముద్రం కంటితో చూడకుండానే బతుకు వెళ్లదీసిన రైతులున్నారు. అయినా మనకు రామసముద్రం ఉంది, బుక్కరాయసముద్రం ఉంది, కుప్పం దగ్గర పరమసముద్రం ఉంది. వాన కరువైన నేల మీద నిండిన చెరువును చూసినవాడికి అంతకంటే తక్కువ మాట నోట రాలేదు.

తాతయ్యగుంట అనగానే మీ అందరికీ గంగమ్మ గుర్తొచ్చి ఉంటుంది. తిరుమల తాతాచార్యుల పేరు మీద ఆ గుంటకు ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. జాతరకు అవిలాల నుంచి అమ్మవారికి పుట్టింటి సారె వస్తుంది. అవిలాల చెరువు ఉన్న ఊరు. చెరువున్న ఊళ్లో పుట్టింది, గుంట ఒడ్డున మెట్టింది, పేరేమో గంగ. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం కట్టి వారం రోజులు ఊరు ఊరంతా తిరిగేది ఆమె కోసమే. మన గ్రామదేవతల్లో ఇంతమందికి గంగమ్మ అనే పేరు ఎందుకుందో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. ఎండలు ముదిరి గుంటలు నెర్రెలిచ్చే నెలల్లోనే జాతరలు ఎందుకు వస్తాయో గమనించాక అర్థమయింది.

గుడి నీళ్ల పేర్లు వేరు. తిరుమలలో స్వామి పుష్కరిణి. బ్రహ్మోత్సవాల చివరినాడు చక్రస్నానం అక్కడే, ఫాల్గుణంలో తెప్పోత్సవం అక్కడే. తిరుచానూరులో పద్మసరోవరం. అమ్మవారు అందులో విరిసిన తామరలో అవతరించిందని నమ్మిక. కార్తీక బ్రహ్మోత్సవాల ఆఖరున పంచమి తీర్థం నాడు ఆ మెట్ల మీద కాలు మోపడానికి చోటుండదు. ఊళ్లో మామూలు గుడికయితే కోనేరు. కొండ అడుగునా, కొండ లోపలా అయితే తీర్థం. కపిలతీర్థం, రామకృష్ణ తీర్థం, తుంబురు తీర్థం, జాపాలి తీర్థం. కొండరాతి మీద సహజంగా ఏర్పడి, వాననీళ్లు నిలిచి, మేకల కాపరి దోసిలి పట్టి తాగేది దోన. జలపాతం కింద లోతుగా తొలిచిన చోటు గుండం. ఏట్లో ఎండాకాలం కూడా ఇంకకుండా మిగిలే లోతు మడుగు. వీటిల్లో ఏ ఒక్కటీ ఇంకొకదాని బదులు వాడలేం. 'గుడి ముందు మడుగులో స్వామివారి తెప్ప' అని ఎవరైనా అంటే మనకు చెవి గీరుకుంటుంది. ఇంగ్లీషు అనువాదంలో మాత్రం అన్నీ ట్యాంకులే అయిపోతాయి.

ఒకచోట మాత్రం మనమే మార్చుకున్నాం. పాపవినాశనం తీర్థం. యుగాలుగా తీర్థం. ఇప్పుడు తిరుమలలో నీళ్ల లెక్క చెప్పేవాళ్లు పాపవినాశనం డ్యాం అంటారు. గోగర్భం డ్యాం, కుమారధార డ్యాం, పసుపుధార డ్యాం. కొండ మీదికి వచ్చే లక్షలమందికి నీళ్లివ్వాలంటే ఆనకట్టలు కట్టక తప్పదు. అది మంచి పనే. స్నానానికి పోయే భక్తుడు తీర్థం అంటాడు, మోటారు నడిపే ఉద్యోగి డ్యాం అంటాడు. ఒకే నీటికి రెండు పేర్లూ బతికి ఉండడం నాకు సంతోషంగానే ఉంటుంది. ఇంకొక మాట. స్వామి పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు నెలరోజుల పాటు మూసి, నీళ్లు తోడి, అడుగు శుభ్రం చేసి, మళ్లీ నింపుతారు. మన ఊరి చెరువుకు ఆ సేవ చివరిసారి ఎప్పుడు జరిగిందో ఎవరినైనా అడగండి.

మా ఊరి చెరువు గురించి కొంచెం చెప్పుకోనివ్వండి. పెద్దదేమీ కాదు, మూడు తూముల చెరువు. కార్తీకమాసంలో తుపాను ముసురు పట్టి మూడు రోజులు వదలకపోతే, నాలుగో రోజు తెల్లవారుజామున మా అవ్వ లేపేది. "మొరవ పోతా ఉందంట, లెయ్‌రా" అనేది. ఆ ఒక్క మాటకు ఊరు ఊరంతా లేచేది. మొరవ అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు కట్టకు చెరుపు చేయకుండా పొర్లిపోయే రాతి కట్టడం. తెలంగాణలో దాన్నే అలుగు, మత్తడి అంటారు. నెల్లూరు వైపు కలుజు. అనంతపురం వాళ్లు మరువ పారింది అంటారు. మనం మొరవ పోయింది అంటాం. 'పోయింది' అన్నా అందులో విచారం లేదు. ఆ ఏడు కడుపునిండా తిండి ఉందని అర్థం. ఆడవాళ్లు పసుపు, కుంకుమ, రవికగుడ్డ తెచ్చి నీటిలో వదిలేవాళ్లు. గంగమ్మకు పొట్టేలు కొట్టేవాళ్లు. మేము పిల్లలం మొరవ కింద చేపలు పట్టేవాళ్లం. ఆ నీళ్లు వంకలో పడి కింది ఊరి చెరువుకు పోయేవి. అది నిండి మొరవ పోతే ఇంకా కింది ఊరికి. గొలుసుకట్టు చెరువులు అని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నది దీన్నే. పైఊరి మొరవ కింది ఊరికి పెళ్లి పిలుపు లాంటిది.

తూము తీసే పని నీరుగట్టుది. కొన్ని ఊళ్లలో నీరుగంటి అంటారు. తూము దగ్గర చెరువు లోపల రెండు రాతి కంబాలు, వాటి మధ్య చిల్లు చేసిన రాతి పలక, ఆ చిల్లులో దిగే కొయ్య బిరడా, బిరడాకు బిగించిన పొడవాటి గడ. చెరువు నిండా నీళ్లున్నప్పుడు బిరడా ఇరుక్కుంటే నీరుగట్టు ఊపిరి బిగబట్టి మునిగి వదులు చేయాలి. మా ఊరి నీరుగట్టు తాత ఏ కయ్యకు ఎన్ని తడులు కావాలో కాగితం లేకుండా చెప్పేవాడు. పెద్దరైతు కయ్య అయినా, విధవరాలి కయ్య అయినా వంతు వంతే. రాత్రి వంతు వచ్చినవాళ్ల తలుపు తనే తట్టి లేపేవాడు. జీతం లేదు. కోతలయ్యాక కళ్లంలో ప్రతి రైతూ ఆయనకు మేరగా గింజలు కొలిచేవాడు. మదనపల్లెలో పట్టుచీరల నేతకు పేరుపడ్డ నీరుగట్టువారిపల్లె ఉంది కదా, ఆ పేరును నేను అందుకే ఆపి ఆపి పలుకుతాను. ఈ పని చేసినవాళ్ల పేరు మీద ఒక ఊరే నిలిచింది.

ఇలాంటి మాటలు పోకుండా పట్టుకున్న పెద్దలు మనకున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా తిరిగి సేకరింపజేసిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. అది మొత్తం వ్యవసాయపు మాటలే. ఏ జిల్లావాళ్లు దేన్ని ఏమంటారో అందులో ఉంది. బడిలో తెలుగు చెప్పిన రోజుల్లో నేను దాన్ని ఎన్నోసార్లు తిరగేశాను. ఒక్కో మాట దగ్గర ఆగి, ఇది మా ఊరి మాటే కదా అని సంబరపడేవాణ్ణి.

చెరువు చుట్టూ కాగితం మాటలు కూడా కొన్ని ఉన్నాయి. దసబందం అని ఒకటి. చెరువు కట్టించినవాడికో, కట్టను బాగు చేస్తూ ఉండేవాడికో ఇచ్చే ఇనాము భూమి. మన సీమలోనే ఎక్కువ. కుడిమరామత్తు అని ఇంకొకటి. కుడి అంటే తమిళంలో కాపు, రైతు. మరామత్తు అరబ్బీ నుంచి వచ్చింది. ఊరివాళ్లందరూ ఇంటికొక మనిషి చొప్పున వచ్చి కాలవ పూడిక తీయడం, కట్టకు మట్టి వేయడం. ఊరి ఆచారంగా నడిచిన ఈ పనికి మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో చట్టమే వచ్చింది. చట్టం కాగితం మీద ఉంది గాని, ఆచారం మెల్లమెల్లగా సడలింది. చెరువు సర్కారుదయ్యాక, కట్ట తెగితే సర్కారు చూసుకుంటుందిలే అన్న మాట మన నోటికి వచ్చింది.

మూడోది పోరంబోకు. ఒకరోజు బడిలో ఒక పిల్లవాడు ఇంకొకణ్ణి పోరంబోకు అని తిట్టాడు. వాణ్ణి పిలిచి, ఆ మాటకు అర్థం తెలుసా అని అడిగాను. పనికిమాలినవాడు అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను. తమిళంలో పుఱం అంటే బయట. శిస్తు లెక్కకు బయట పెట్టిన నేల పోరంబోకు. ఎందుకు బయట పెట్టారు? అది ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ కాబట్టి. చెరువు పోరంబోకు, వంక పోరంబోకు, బాట పోరంబోకు, వల్లకాటి పోరంబోకు. శిస్తు రాదు కాబట్టి కచేరీ దృష్టిలో అది ఉత్త నేల. ఆ చూపే మన నోటికి తిట్టయి వచ్చింది. తిట్టయిన నేలను ఆక్రమించడానికి ఎవరికీ చేయి వణకలేదు. కంపచెట్లు మొలిచిన చెరువు లోపలికి మొదట ఇటుకల బట్టీ వచ్చింది, తర్వాత హద్దురాళ్లు వచ్చాయి, ఆ తర్వాత మిద్దెలు లేచాయి. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయి ఉంటాడు. ఎక్కడైనా ఇది వింటుంటే వాడికి ఆ రోజు గుర్తుండాలని నా కోరిక.

మనవాళ్లకు చెరువు శాస్త్రం తెలియదని ఎవరైనా అంటే పోరుమామిళ్ల శాసనం చూపండి. కడప జిల్లాలో, 1369లో, బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించింది. అక్కడ చెరువు కట్టడానికి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ల పాటు పనిచేశాయని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పారు. ధర్మం తెలిసి ధనం ఉన్న రాజు, నీటి శాస్త్రం చదివినవాడు, గట్టి బంకమన్ను నేల, తీపి నీళ్ల ఏరు, ఏటికి రెండు పక్కలా కొండ, ఆ కొండల మధ్య మరీ పొడుగు కాని బలమైన రాతి కట్ట, విశాలంగా లోతుగా ఉన్న గర్భం, దగ్గర్లోనే రాతిగని, కింద చదునైన సారమున్న పొలం, పని తెలిసిన మనుషులు, ఇలా. ఆరు దోషాలూ చెప్పారు. చవుడు నేల, చెరువు మధ్య మెట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. సరిహద్దు చెరువుల తగాదాలు మనకేం తెలియనివి కావు. వీటన్నింటికంటే ముందు చెప్పిన దోషం కట్టలోంచి నీరు ఊరడం.

తిరుమల శాసనాలు కూడా ఈ వైపు చూపిస్తాయి. దేవస్థానం వాటిని 1930లలో సంపుటాలుగా అచ్చువేసింది. విజయనగర కాలపు భక్తులు స్వామికి నైవేద్యం జరగాలని డబ్బిస్తే, ఆ డబ్బుతో దేవుడి మాన్యం ఊళ్లలో చెరువులు, కాలవలు తవ్వించి, పెరిగిన పంటతో ప్రసాదాలు నడిపించారు. అంటే ఆనాటి భక్తుడి కానుక ముందు ఒక చెరువయింది. తర్వాత వడ్లయింది. ఆ తర్వాతే ప్రసాదమయింది.

కట్టలోంచి నీరు ఊరడం అన్నాను. 2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. వాయుగుండం వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు ఏరులై పారాయి. ఆ వానల్లోనే రాయలచెరువు నిండిపోయి, కట్టలోంచి నీరు ఊరుతోందని తెలిసింది. కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. జనం పిల్లల్ని, పశువుల్ని వెంటబెట్టుకుని మిట్టలకు చేరారు. కట్ట కింద ఇసుక బస్తాలు వేశారు, మట్టి తోలారు. కట్ట నిలిచింది. టీవీలో ఆ రోజులంతా లీకేజీ, డేంజర్ అన్న మాటలే. నేను ఫోన్‌లో పలకరించిన ఒక పెద్దాయన మాత్రం వేరే మాటలు వాడాడు. "కట్ట ఊరతా ఉందప్పా, తూము కాడ కాదు, ఇవతల. మొరవ చూస్తే అన్ని నీళ్లను మింగలేకుండా ఉంది" అన్నాడు. ఎక్కడ ఏం జరుగుతోందో ఆ రెండు ముక్కల్లో నాకు కళ్లకు కట్టింది. ఆరువందల యాభై ఏళ్ల కిందట పోరుమామిళ్లలో రాతి మీద చెక్కిన మొదటి దోషం, అదే మాటగా ఆయన నోట వచ్చింది. ఆయన శాసనం చదివినవాడు కాదు. చెరువు కింద బతికినవాడు.

ఇక నీళ్లకు మొహం వాచిన వైపు సంగతి. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలవ గుండా శ్రీశైలం కృష్ణానీళ్లు కుప్పం దగ్గర పరమసముద్రం చెరువుకు చేరాయి. వెయ్యి అడుగులు దాటి బోర్లు వేసినా తడి కనిపించని వైపు అది. నీళ్లు దిగుతుంటే ముసలివాళ్లు గట్టు మీద నిలబడి చూసి ఉంటారు. ఎక్కడి నీళ్లయినా, వచ్చి నిలవడానికి పెద్దలు కట్టిన చెరువు ఉండబట్టే నిలిచాయి.

మనవరాలి నోటుపుస్తకం దగ్గరికి వస్తాను. ట్యాంక్ అన్న మాట కింద ఆ పిల్ల ఇప్పుడు ఒక పేజీ నిండా రాసుకుంది. చెరువు, కుంట, గుంట, కోనేరు, పుష్కరిణి, సరోవరం, తీర్థం, దోన, గుండం, మడుగు, సముద్రం. పక్కన తొట్టి కూడా ఉంచింది. ఉంచనీ. అది కూడా మన మాటే. ఆ పేజీ చూసి బడిలో టీచరమ్మ ఏమన్నారని అడిగాను. "తరగతిలో అందరినీ వాళ్ల వాళ్ల ఊరి చెరువుకు పేరేమో ఇంట్లో అడిగి రమ్మన్నారు తాతా" అంది. ఆ టీచరమ్మకు ఇక్కడి నుంచే నమస్కారం పెడుతున్నాను.

"మరి మన చెరువు పేరేంది?" అని పిల్ల అడిగింది. మన ఊళ్లో దాన్ని పెద్దచెరువు అంటారు అని చెప్పాను. "తూములకు కూడా పేర్లుంటాయా?" అంది. ఉంటాయి. మా అవ్వ చెప్పగా విన్నవి చెబుతాను, మీరూ వినండి. కట్టకు తూర్పు కొసన ఉన్నది చింతమాను తూము. చింతచెట్టు ఇప్పుడు లేదు. నడుమ ఉన్నది పెద్దతూము, సగం ఆయకట్టు దాని కిందే పండేది. పడమటి కొసన, మొరవకు ఇవతల ఉన్నది గంగమ్మ తూము. నిండిన ఏడు మొదట తీసేది దాన్నే.